‘ప్రేమ లేదు’ అని రాసుకున్నారు

ఆమె మీద ఫిర్యాదు రాసింది నేను. ఆమె పోయాక సంతాప తీర్మానం కూడా నన్నే రాయమన్నారు.

"మీ తెలుగు మంచిగుంటది మేడం. ఒక్క పేజీ చాలు, నాలుగు మంచి మాటలు రాయుండ్రి," అన్నాడు మా హెడ్మాస్టరు. ఫిర్యాదు రాయమన్న రోజు కూడా ఇదే గదిలో, ఇదే కుర్చీలో కూర్చుని మీ తెలుగు మంచిగుంటదనే అన్నాడు. ఈసారి మాత్రం నేను రాయనన్నాను. కోపంగా చూసి, ఆ పని హిందీ మేడానికి అప్పజెప్పాడు.

సభ పావుగంటలో అయిపోయింది. ఒక్క నిమిషం మౌనం పాటించమంటే అందులో కూడా ఎవరిదో ఫోను మోగింది. "మనుషులతోని కలిసే గుణం లేకపాయె గని, పని మాత్రం మిషన్ లెక్క చేసేది," అన్నాడు హెడ్మాస్టరు. తర్వాత లెక్కల సారు లేచాడు. "ఆటిజం ఉన్నోళ్లకు బాధ తెల్వదంటరు. ఒక రకంగ అదృష్టవంతురాలు. మనమే బాధపడాలె," అన్నాడు. అందరూ తలలూపారు. నా చేతిలో చాయ్ గ్లాసు ఉంది. అది అతని మీద విసరకుండా కూర్చోవడానికి నాకు చాలా ఓపిక పట్టింది. ఆ ఓపికంతా ఆమె బతికుండగా ఆమె మీద చూపించి ఉంటే బాగుండేది.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఆ ఫిర్యాదులో ఐదు చోట్ల రాశాను. చాలు.

హాలియా దాటాక, కాలువ పక్కన ఉన్న ఒక ఊళ్లో మా బడి. రాష్ట్రం వచ్చిన కొత్తలో ఆమె జీవశాస్త్రం చెప్పడానికి మా బడికి బదిలీ మీద వచ్చింది. ఏడుగురం నల్గొండలో ఉంటూ ఒక కిరాయి జీపులో రోజూ పోయి వచ్చేవాళ్లం. మొదటి రోజు ఆమె డ్రైవరు వెనక, కిటికీ పక్క సీట్లో కూర్చుంది. రెండో రోజు ఆ సీట్లో హిందీ మేడం కూర్చుని ఉంది. ఆమె తలుపు పట్టుకుని నిలబడి, "నిన్న నేను ఈడ కూసున్న," అంది.

"అయితే ఏంది మేడం? రిజర్వేషన్ చేయించుకున్నరా?" అన్నాడు లెక్కల సారు. అందరం నవ్వాం.

"చేయించుకోలె. ఎట్ల చేయించుకోవాలె?" అని అడిగింది ఆమె. తెలుసుకోవడానికే అడిగింది. మేము ఇంకా గట్టిగా నవ్వాం.

దారి పొడుగునా మేము మాట్లాడుకునేవాళ్లం. జీతాల సంగతి, పిల్లల చదువులు, ఎవరింట్లో ఏ గొడవ అయిందో. ఆమె కిటికీలోంచి పొలాలు చూసేది. కొన్నాళ్లకు చెవులకు పెద్ద డొప్పలు తగిలించుకోవడం మొదలుపెట్టింది. పెద్ద మోతల దగ్గర పనిచేసేవాళ్లు పెట్టుకునే రకం. మా మాటలంటే అంత అసహ్యమా అని హిందీ మేడం మొహం ముడుచుకుంది. ఒకరోజు నేనే అడిగాను, అవెందుకని.

"మీరు ఆరుగురు మాట్లాడితె నాకు ఆరు మాటలు ఒక్కసారే వినవడ్తయి. ఇంజను వినవడ్తది. హారను వినవడ్తది. ఏదీ ఎనుకకు పోదు. బడికి చేరేటాల్లకు నాకు సగం పొద్దు పని చేసినట్టైతది," అంది.

నేను నమ్మలేదు. గొప్పలు పోతోందనుకున్నాను.

ఆమెకు ఐదు చీరలుండేవి. ఐదూ నారాయణపేట నూలు చీరలే. ఒకే రకం అంచు, రంగులే వేరు. కొత్తది కొంటే పదిసార్లు ఉతికాక గాని కట్టేది కాదు. జరీ మెడకు తగిలితే ఒళ్లంతా ఎవరో గోళ్లతో గీరినట్టుంటుందట. ఒకసారి ఉపాధ్యాయ దినోత్సవానికి ఆడవాళ్లమంతా ఒకే రకం పట్టుచీరలు కట్టుకోవాలనుకున్నాం. ఆమె తన నూలు చీరలోనే వచ్చింది. ఆ ఫోటోలో ఒక్కతే వేరుగా కనిపిస్తుంది. ‘పొగరు’ అనే మాట ఆ రోజే మొదలైంది.

మధ్యాహ్నం ఆమె డబ్బాలో జొన్నరొట్టె, ఇంకో డబ్బాలో గట్టి పప్పు. ఏడాది పొడుగునా అవే. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. ఎవరైనా తమ కూర తెచ్చి ఆమె డబ్బాలో వేస్తే ఆ పూట తినేది కాదు. మూత పెట్టి పక్కకు జరిపేది. ఈ సంగతి తెలిశాక లెక్కల సారు వారానికి ఒకసారైనా "జర రుచి చూడుండ్రి మేడం" అంటూ వంకాయ కూర ఆ రొట్టె మీద వేసేవాడు. వేసి మా వైపు చూసేవాడు. మేము చూపు తిప్పుకుని నవ్వేవాళ్లం. ఇద్దరు పిల్లల తండ్రి, రోజూ గణితం చెప్పే పెద్దమనిషి, ఒక ఆడమనిషిని పస్తు ఉంచి సరదా పడ్డాడు. మేం ఆయనకు ప్రేక్షకులం.

"ఎట్లున్నరు మేడం?" అంటే ఆమె వెంటనే జవాబు చెప్పేది కాదు. బొటనవేలికి మిగతా వేళ్లను ఒక్కొక్కటిగా తాకించుకుంటూ, "నిజంగ అడుగుతుండ్రా, ఊకెనే అడుగుతుండ్రా?" అనేది. "ఊకెనే అయితె బాగున్న. నిజంగ అయితె చెప్త." ఆమె అక్కడ పనిచేసిన అన్నేళ్లలో "నిజంగ" అన్నవాళ్లు ఎవరూ లేరు.

ఆమె దేవత కాదు. అలా రాస్తే అది ఇంకో అబద్ధం. తంగేడు పువ్వు తెచ్చి, ఒక్కో రేక విప్పి చూపిస్తూ పాఠం చెబుతుంటే కొందరు పిల్లలు కళ్లు ఆర్పకుండా వినేవాళ్లు. కొందరు భయపడేవాళ్లు. ఒక అమ్మాయి పువ్వు బొమ్మలో కేసరాలు తప్పుగా వేస్తే మూడుసార్లు చెరిపించి మళ్లీ వేయించింది. ఆ పిల్ల ఏడుస్తున్నా ఆపలేదు. తర్వాత నేను చెబితే నిర్ఘాంతపోయింది. "ఏడుస్తున్నదని అప్పుడే ఎవరన్న చెప్పాలె కద," అంది. మరునాడు ఆ పిల్ల దగ్గరికి వెళ్లి, అందరి ముందూ "నిన్న నా వల్లనే ఏడ్చినవా?" అని అడిగింది. ఆ పిల్ల సిగ్గుతో ఇంకోసారి ఏడ్చింది. ఇదీ ఆమే.

గొడవ అసలు మొదలైంది తనిఖీ రోజున. పై నుంచి వచ్చిన పెద్ద సారు "మీకు ప్రయోగశాల ఉందా?" అని అడిగాడు. ఉంది సార్ అన్నాడు హెడ్మాస్టరు. ఆమె అక్కడే నిలబడి ఉంది. "గది ఉంది సార్. అందులో ఇరిగిపోయిన బెంచీలున్నయి. తాళంచెవి నాకు ఇయ్యలె. మూడుసార్లు అడిగిన," అంది. ఆ పెద్ద సారు తాళం తీయించి చూశాడు. హెడ్మాస్టరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

సాయంత్రం ఆయన ఆమెను పిలిచి, "నా మీద కక్ష ఏంది మేడం మీకు?" అన్నాడు.

"కక్ష లేదు సార్. ఆయన అడిగిండు," అంది ఆమె.

బెంచీలు వారం పాటు వరండాలోకి వచ్చి, మళ్లీ ఆ గదిలోకే పోయాయి. కక్ష మాత్రం ఆ రోజు నుంచీ ఉంది. ఆమెకు కాదు, ఆయనకు.

ఆ ఏడే మా నాయిన పోయాడు. మా ఊరు నకిరేకల్ దగ్గర. బడి వాళ్లంతా జీపులో వచ్చి, కూర్చుని, "ఏం చేస్తం మేడం, మన చేతిల ఏముంది" అని, పది నిమిషాలకు లేచి వెళ్లిపోయారు. ఆమె వాళ్లతో రాలేదు. మూడో నాడు బస్సులో ఒక్కతే వచ్చింది. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. గోడకున్న నాయిన ఫోటో దగ్గరికి వెళ్లి నిలబడింది. పొలంలో కొడవలి పట్టుకుని ఉండగా ఎవరో తీసిన ఫోటో అది.

"మీ నాయినది ఎడమ చేతివాటమా?" అంది.

"అవును."

"కోతల వరుసల నిలబడితె పక్కనోళ్ల కొడవలికి తగుల్తది కద. ఎట్ల కోసేటోడు?"

నాకు ఒళ్లు మండింది. చావింట్లో అడిగే మాటా ఇది? అయినా చెప్పాను. "వరుస చివరకు నిలబడేటోడు."

"ఎప్పటికి చివరకేనా?"

"ఎప్పటికి."

"చివరకు ఉంటె ఎవరితోని మాట్లాడేది మరి?"

ఎవరితో మాట్లాడేవాడు? నాయిన ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. చదువు రాని మనిషి. నేను ఇంట్లో పైకి చదివే పద్యాలు విని విని కంఠతా పట్టి, కోత కోస్తూ వాటిని తనలో తాను చెప్పుకునేవాడు. పక్క కూలీలు నవ్వినా ఆపేవాడు కాదు. నేను తెలుగు పంతులమ్మను కావడానికి కారణం అదే. ఆ మాట అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, నా మొగుడికి కూడా. ఆమె ఒక్కొక్కటే అడుగుతూ పోయింది, నేను చెబుతూ పోయాను. రెండు గంటలు గడిచాయి. తర్వాత ఆమె గడియారం చూసుకుని, "నాలుగింటికి బస్సుంది," అని లేచి, నా మాట మధ్యలోనే వెళ్లిపోయింది.

నేను బడికి తిరిగి వెళ్లాక స్టాఫ్ రూంలో ఏం చెప్పానో తెలుసా? "మా నాయిన సచ్చిపోతే, కొడవలి ఏ చేత్తోని పట్టేటోడు అని అడగనీకి వచ్చిందమ్మా ఈమె," అన్నాను. మా వాళ్లు పడీ పడీ నవ్వారు. నాయిన పోయాక నేను నవ్వడం అదే మొదటిసారి.

తర్వాత నోటుపుస్తకం సంగతి. ఆమె బ్యాగులో ఎప్పుడూ ఒక చిన్న నోటుపుస్తకం ఉండేది. ఒకరోజు ఆమె తరగతిలో ఉండగా అది బల్ల మీద ఉండిపోయింది. లెక్కల సారు తీసి పైకి చదవడం మొదలుపెట్టాడు. "పెండ్లికి పిలిస్తే: ఎప్పుడు, ఎక్కడ అని అడగాలె. తర్వాత సంతోషం అనాలె. పిల్లను చూపిస్తే: ఎవరి పోలిక అని అడగాలె. నల్లగున్నది అనొద్దు. మాట్లాడేటప్పుడు కండ్లల్ల చూడాలె, మూడు లెక్కపెట్టి పక్కకు చూడాలె." మాకు నవ్వు ఆగలేదు. హిందీ మేడం కళ్లనీళ్లు తుడుచుకుంటోంది. నేను "ఇంకోటి చదువుండ్రి సార్" అన్నాను. అన్నది నేనే.

తల తిప్పితే ఆమె గుమ్మంలో ఉంది.

"అందులో ఇంక చానా పేజీలున్నయి," అంది. "చదివినంక ఇయ్యుండ్రి. ఎల్లుండి మా ఆడబిడ్డ వాళ్లింట్ల శ్రీమంతం ఉంది, నాకు కావాలె." అని వెళ్లిపోయింది.

"చూసిండ్రా, కొంచెమన్న బాధ ఉందా?" అన్నాడు లెక్కల సారు.

కాసేపటికి నేను చేతులు కడుక్కోవడానికి వెళితే కుళాయి దగ్గర ఆమె ఉంది. టిఫిన్ డబ్బా కడుగుతోంది. కడిగిన డబ్బానే మళ్లీ కడుగుతోంది. నీళ్లు డబ్బా నిండి పొంగి కాళ్ల మీద పడుతున్నా చూడలేదు. నేను వెనక్కి తిరిగి వచ్చేశాను. ఈ సంగతి మాత్రం స్టాఫ్ రూంలో చెప్పలేదు. చెబితే మా నవ్వు చెడిపోతుంది కదా.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల గురించి టీచర్లకు ఒక శిక్షణ పెట్టారు. మూడు రోజులు. మేమంతా వెనక వరుసలో కూర్చుని ఫోన్లు చూసుకున్నాం. ఆమె ముందు వరుసలో కూర్చుని, ఆటిజం మీద ఇచ్చిన కాగితాన్ని గీతలు గీసుకుంటూ చదివింది. తర్వాత హైదరాబాదులో ఒక డాక్టరు దగ్గరికి మూడు నాలుగుసార్లు వెళ్లింది. కళ్లద్దాల దుకాణం నడిపే ఆమె భర్త ప్రతిసారీ దుకాణం మూసి తోడు వెళ్లాడు. నలభై దాటిన వయసులో ఆమె చేతికి ఒక కాగితం వచ్చింది.

ఆ కాగితాన్ని దాచుకుని ఉంటే ఆమెకు ఏమీ అయ్యేది కాదు. దాచలేదు. సోమవారం పొద్దున ప్రార్థన అయ్యాక స్టాఫ్ రూంలో మా అందరికీ తలా ఒక జిరాక్స్ కాపీ ఇచ్చింది. ఆమె మొహంలో నేను ఎన్నడూ చూడని వెలుగు. "నాకు ఆటిజం ఉన్నదంట. చిన్నప్పటి సంది ఉన్నది. నేను పొగరుతోని చేస్తున్న అనుకుంటుండ్రు కద మీరు. కాదు. కారణం ఇది," అంది. ఇక అంతా సర్దుకుంటుందని నమ్మింది. అర్థం కాకపోవడం వల్లే మేము అలా ఉన్నామని, చెబితే మారుతామని అనుకుంది. మనుషుల మీద అంత నమ్మకం పెట్టుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

"ఆటిజమా? అది చిన్న పిల్లలకొచ్చేది కద," అంది హిందీ మేడం.

"చిన్న పిల్లలు పెద్దగైతరు మేడం," అంది ఆమె.

"మీరు బీయెడ్ చేసిండ్రు, స్కూటీ నడుపుతరు, పెండ్లయింది. మీకు ఆటిజం ఏంది?" అన్నాడు హెడ్మాస్టరు. "గీ కాగితంల గుడ పైకి బాగనే ఉంటది అని రాసిండు డాక్టరు."

"పైకి బాగుంటది అంటే చూసెటోళ్లకు బాగుంటదని సార్. నాకు బాగుంటదని కాదు."

లెక్కల సారు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "అట్లయితే మీకు లెక్కలు మస్తుగ రావాలె మేడం. టీవీల చూపిస్తరు కద. మూడు వందల నలభై ఏడు ఇంటు అరవై ఎనిమిది ఎంత?"

"నాకు రాదు సార్. లెక్కలల్ల నాకెప్పుడు తక్కువ మార్కులే. మీకొస్తదా?"

ఆయనకూ రాలేదు. ఆ సంగతి ఆయన మరిచిపోలేదు.

వారం తిరిగేసరికి వరస మారింది. ఆటిజం లేదు, నాటకమాడుతోంది అన్న నోళ్లే ఇప్పుడు, ఆటిజం ఉన్న మనిషి పిల్లలకు పాఠం ఎలా చెబుతుందని మొదలుపెట్టాయి. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. రెండూ ఒకేసారి నిజం కావని ఎవరికీ తోచలేదు. ఆమెను జీపు మానిపించారు. "మీకు సప్పుడు పడదు కద మేడం, మీ మంచికే," అన్నారు. ఆమె బస్సులో రావడం మొదలుపెట్టింది. కిక్కిరిసిన బస్సు, మైకులో పాటలు, అందరి మోచేతులూ తగులుతూ గంటకు పైగా. బడికి వచ్చేసరికి మొహం పాలిపోయి ఉండేది. మొదటి పీరియడ్‌లో ఆమె తడబడుతోందని హెడ్మాస్టరు ఒక కాగితం మీద రాసుకోసాగాడు.

తర్వాత నన్ను గదిలోకి పిలిచాడు. మీ తెలుగు మంచిగుంటది అన్నాడు.

నేను రాసిన వాక్యం నాకు ఇప్పటికీ నోటికి వస్తుంది. "తోటి ఉపాధ్యాయుల పట్ల కనీస సానుభూతి లేని, తనకు మానసిక లోపం కలదని స్వయంగా అంగీకరించిన సదరు ఉపాధ్యాయినిని, బాలబాలికల శ్రేయస్సు దృష్ట్యా ఇక్కడ కొనసాగించరాదని మనవి." సానుభూతి లేదనడానికి ఉదాహరణ కావాలన్నాడు హెడ్మాస్టరు. మా నాయిన చావు, కొడవలి సంగతి రాశాను. మా వాడకట్టు వాళ్లకు హోటల్లో వేరే గ్లాసులో చాయ్ పోసిన రోజుల గురించి నేను తరగతిలో చెబుతుంటే పిల్లలు రాసుకోవడం ఆపి వింటారు. ఆ నోటితో ఆ పాఠం చెప్పి, ఈ చేత్తో ఇది రాశాను. అందరూ సంతకాలు పెట్టారు. నాది నాలుగోది.

విచారణకు ఒక అధికారి వచ్చాడు. నన్ను కూడా గదిలో కూర్చోమన్నారు. ఆయన ఆమెను కింది నుంచి పైకి చూశాడు.

"మీరు మంచిగనే ఉన్నరు కద మేడం. చూస్తే ఏం కనవడ్తలేదు."

"మీకు బీపీ ఉందా సార్?" అంది ఆమె.

"ఉంది. ఎందుకు?"

"కనవడ్తలేదు."

ఆయన మొహం ఎర్రబడింది. హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నాడు. అధికారి కాగితాలు తిరగేసి, "మీకు పిల్లలంటే ప్రేమ ఉందా?" అని అడిగాడు.

ఇంకెవరైనా అయితే ఉందనేవాళ్లు. మేమందరం అనేవాళ్లం. ఆమె వేళ్లు బొటనవేలిని ఒక్కొక్కటిగా తాకాయి.

"అందరి మీద లేదు సార్," అంది.

ఆయన రాసుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను, అక్షరాలు కనిపించాయి. ‘ప్రేమ లేదు.’

ఆమె ఇంకా చెబుతోంది. "కొందరంటె ఇష్టం. కొందరంటె లేదు. ప్రేమ ఉన్నోళ్లకే చెప్తె మిగిలినోళ్లు ఏం కావాలె సార్? అందుకే అందరికి ఒక్కతీరు చెప్త. ఎవరి మీద ప్రేమ లేదో వాళ్ల నోటుబుక్కులు రెండుసార్లు దిద్దుత, నాకు తెల్వకుంట తక్కువ చేస్తనేమో అని."

ఆయన పెన్ను మూత పెట్టేశాడు. ఇదేదీ రాసుకోలేదు. నా వైపు తిరిగి, "ఫిర్యాదుల ఉన్నదంత నిజమేనా మేడం?" అన్నాడు.

"నిజమే సార్," అన్నాను.

ఆమె నన్ను చూసింది. మూడు లెక్కపెట్టేంతసేపు కాదు, ఇంకా ఎక్కువసేపు చూసింది.

పరిపాలనా కారణాలు అని రాసి ఆమెను దేవరకొండ అవతల, రెండు బస్సులు మారాల్సిన ఒక చిన్న బడికి పంపారు. వెళ్లే రోజు వీడ్కోలు సభ పెట్టలేదు. కొత్త బడిలో మొదటి నెలంతా ఇంటికి వచ్చాక ఆమెకు నోట మాట వచ్చేది కాదని, కాగితం మీద రాసి చూపించేదని ఆమె భర్త తర్వాత చెప్పాడు.

ఏడాదికి మా ఊళ్లో నాయిన జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. ప్రార్థన అయ్యాక పాస్టరు గారు "మీ నాయిన గురించి రెండు మాటలు చెప్పమ్మా," అన్నారు. లేచి నిలబడ్డాను. కష్టజీవి, మంచివాడు అనే రెండు మాటలు అందరి తండ్రుల గురించీ అంటారు. అవి నోట్లోంచి రాలేదు. ఎడమ చెయ్యి, వరుస చివర, కొడవలి ఆడుతుంటే పెదాల మీద నా పద్యం. అదే చెప్పాను. మా అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కూర్చున్నాక గాని తోచలేదు. నాయిన పోయినప్పుడు ఇంటికి వచ్చిన వందమందిలో నాయిన గురించి అడిగిన మనిషి ఒక్కతే. ఆమె అడిగింది కాబట్టే నా దగ్గర చెప్పడానికి ఇవాళ ఏదో ఉంది. ఆమెకు సానుభూతి లేదని రాసింది నేను.

ఆ శనివారం దేవరకొండ బస్సెక్కాను. రెండో బస్సు దిగి బడి దగ్గరికి నడిచేసరికి మధ్యాహ్నమైంది. ఆమె వరండాలో ఒక్కతే కూర్చుని రొట్టె తింటోంది.

"ఎందుకొచ్చిండ్రు?" అంది.

"మిమ్మల్ని చూసి పోదామని మేడం."

"చూసిండ్రు," అంది. కోపంగా అనలేదు. తర్వాత ఏం చేయాలో చెప్పమన్నట్టు అంది.

నేను నిలబడే చెప్పాను. ఫిర్యాదు రాసింది నేనేనని, మా నాయిన సంగతి అందులో రాసి తప్పు చేశానని.

"తెలుసు. అంత మంచి తెలుగు ఆడ ఇంకెవ్వరికి రాదు," అంది.

"మన్నించుండ్రి మేడం."

ఆమె డబ్బా మూత పెట్టింది. "ఇట్లాంటప్పుడు ‘పోనియ్యుండ్రి’ అంటరు అందరు. నాకు తెలుసు. కాని నాకు మీ మీద కోపం చానా ఉంది. లెక్కల సారు మీద అంత లేదు, ఆయన ఎప్పటికి అంతే. మీరు మీ నాయిన గురించి నాకు చెప్పిండ్రు. చెప్పి, అదే రాసిండ్రు," అంది. మళ్లీ, "ఈ కోపం పోతె ఫోన్ చేసి చెప్త. నంబరు ఉంది నా కాడ."

నేను ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చలేదు. నీళ్ల సీసా నా వైపు జరిపి, గంట కొట్టగానే తరగతికి వెళ్లిపోయింది.

ఏళ్లు గడిచాయి. కరోనా వచ్చింది, పోయింది. ప్రతి పండగకూ నేను శుభాకాంక్షలు పంపేదాన్ని. ఆమె "సరే" అని జవాబిచ్చేది. ఫోను మాత్రం రాలేదు. ఈ ఏడు వానాకాలంలో డెంగీ జ్వరం వచ్చి, ఐదు రోజులు దవాఖానలో ఉండి, ఆమె పోయింది.

సంతాప సభకు రెండు రోజుల ముందు వాళ్లింటికి వెళ్లాను. ఆమె ఆడబిడ్డ నలుగురి మధ్య కూర్చుని, "కంట్ల నీళ్లు పెట్టుకునే మనిషి కాదు, ఎవరిని దగ్గరికి తీసుకునే మనిషి కాదు. మా తమ్ముడు ఎట్ల ఏగిండో," అంటోంది.

"అక్కా, నువ్వు జర ఊకో," అన్నాడు ఆమె భర్త. ఆయన లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. అద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

అడగకూడదనుకుంటూనే అడిగాను. "నా గురించి ఎప్పుడన్న అన్నదా అన్నా?"

"అనేది మేడం. మీరు ఆ బడికి వచ్చిపోయిన కాడికెల్లి ఏడాదికి రెండు మూడు మార్లు అనేది. ఊకెనే కూసొని ఉంటే ఏందని అడిగేటోన్ని. తెలుగు మేడం మీద కోపం పోయిందా లేదా అని చూసుకుంటున్న అనేది. ఇన్నేండ్లాయె, పోయిందని ఒక్క మాట ఫోన్ల అనరాదు, ఆమె గుడ సంతోషపడ్తది అంటే, పోకముందే పోయిందని ఎట్ల చెప్పాలె అనేది."

"ఆఖరికి ఎప్పుడు అన్నది?"

ఆయన అద్దాలను చొక్కా అంచుతో తుడిచాడు. తుడుస్తూనే ఉన్నాడు.

"దవాఖానల, నాలుగో నాడు. జరం జర దిగింది. కండ్లు మూసుకొని ఉంటే నిద్ర పోయిందనుకున్న. కొంచెం సేపైనంక కండ్లు తెరిచి చెప్పింది మేడం. ‘ఇంక ఉంది. కొంచెం తగ్గింది’ అని."